పదకొండు పెంకులు

టీ దుకాణంలో యిన్ వెన్‌బో
బల్ల మీద చెక్కముక్క ఠప్పున కొట్టి కథ ఎత్తుకుంటాడు:
"మంగలకత్తి పిట్టలా లేచాడయ్యా వీరుడు!
ఉప్పు షావుకారు మేడ మీంచి జ్యాలింగ్ నది ఒడ్డు దాకా
ఒక్క పెంకు కదిలితే ఒట్టు!
అడ్డొచ్చిన నలభైమంది కాపలావాళ్ళూ
ఒక్క కత్తికి సరి!"

జనం ఆహా అంటారు.
నేను టీ ఊదుకుంటాను.

ఆ తెల్లారి నిచ్చెనెక్కింది నేను.
పదకొండు పెంకులు.
పెంకుకి ఇంత అని కూలి తీసుకునేవాణ్ణి,
ఈ ఫాన్ యోగెన్ లెక్క ఎలా తప్పుతాడు?
షావుకారు వసారా మీద మూడు.
అద్దకం వాళ్ళ చూరు దగ్గర రెండు.
మా వీధి మలుపులో ఒకటి,
నాచు మీద అరచెయ్యి వెడల్పున జారిన గీత.
మిగతావి ఏటి దారిలో, దూరం దూరంగా.

అన్నీ ఎడమ పాదం కిందే విరిగాయి.
అంటే కుడి మోకాలు సరిగా లేదు మనిషికి.
చిన్నవయసూ కాదు.
ప్రతి దూకుడికీ ముందు రెండు మడమలూ ఆనించి
కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.
ఎగిరినవాడి జాడ కాదది,
మోసినవాడిది.

చిట్టచివరి కప్పు మీద, రెండు పెంకుల సందున
ఒక గడ్డిచెప్పు ఇరుక్కుని ఉంది.
నా బొటనవేలంత పొడుగు, ఇంకాస్త.

పడవల తాడు లాగే జ్వాంగ్ మాన్
ఉప్పు బాకీ కింద ఇద్దరు పిల్లల్ని
షావుకారింట వదిలాడని ఊరంతా ఎరుగును.
ఎరిగి, ఊరంతా
గంజిలో ఉప్పేసుకుని తాగింది.
నేనూ తాగాను.

కింద నించి జమేదారు డ్వాన్ అరిచాడు:
"ఏ దిక్కుకి పోయాడ్రా? పెంకులు చెప్తాయంటగా నీకు!"
చెప్తాయి.
చెప్పు అప్పటికే నా చొక్కాలో ఉంది.
"పిల్లి, దొరా" అన్నాను.
"పదకొండు పెంకులు ఒక పిల్లా?"
"రెండు. రోజులు అలాంటివి కదా."
జనం నవ్వారు. జమేదారు నవ్వలేదు.
కచేరీ వాకిట్లో ఇరవై వెదురుదెబ్బలు.
పదమూడో దెబ్బ దగ్గర దిక్కు చెప్పేద్దామనుకున్నాను.
ఇది యిన్ కథలో లేదు.
నేనూ ఎవరికీ చెప్పలేదు.

కోతలయ్యాక ఒక పొద్దున
నా గడప మీద తాటికి గుచ్చిన రాగి కాసులు.
లెక్కపెట్టాను, పదకొండు.
పెంకు ఖరీదు రెండు కాసులని తెలియదు పాపం.
ఎప్పుడూ విరగ్గొట్టడమే గాని
కొన్న అలవాటు ఉన్నట్టు లేదు.

మొన్న వాన పడి, వినేవాళ్ళు లేక,
యిన్ టీలో వేలు ముంచి
బల్ల మీద ఒక అక్షరం రాశాడు నాకోసం.
శ్యా అని పలకాలట.
అలాంటి వీరుడికి అదే మాటట.
నాకు చదువు రాదు, చూడ్డం వచ్చు.
పక్కన నిలబడి ఒక మనిషి.
నడుమ ఒక పెద్ద మనిషి,
రెండు చంకల కిందా ఇద్దరు చిన్నవాళ్ళు.

"మరి రెండు చేతులూ ఖాళీ లేవుగా,
కత్తి దేంతో పట్టాడు?" అనడిగాను.

యిన్ చెక్కముక్క ఎత్తాడు.
కొట్టకుండానే దించాడు.
పక్కన నిలబడ్డ ఆ మనిషి ఎవరో
అతను చెప్పలేదు, నేను అడగలేదు.
అక్షరం అంచుల నించి ఆరిపోయింది.

ఇప్పటికీ వానలకి ముందు ఊరి కప్పులన్నీ నేనే సర్దుతాను.
ఏటి వైపు పోయే వరసలో మాత్రం
పెంకు కింద మట్టి
కాస్త మందంగా మెత్తుతాను.
ఎవరైనా అడిగితే పిల్లులంటాను.
కుడి మోకాలు బాగాలేని మనిషి,
ఏ రాత్రి ఎవర్ని చంకనేసుకుని వస్తాడో,
పైగా నాకింకా
పదకొండు కాసులు బాకీ.